ఎత్తు ఎక్కితే ఆగిపోతున్న పాత డీజిల్ ఫోర్‌బైఫోర్: ఎయిర్ ఎక్కడ లాగుతోంది?

(ముగ్గురి మాటలు: అడిగేది నాలుగుచక్రాలు, జవాబు చెప్పేది నాజిల్, పాతగేరు.)

నాలుగుచక్రాలు: మెకానికల్ ఇంజెక్షన్ పంపు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మించేది) ఉన్న బండి. రాత్రంతా ఆగితే పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. ట్యాంకు నిండుగా ఉంటే బాగా లాగుతుంది, సగం కిందికి దిగితే ఎత్తు మీద దగ్గి ఆగిపోతుంది. ఫిల్టర్ కొత్తదే. కింద చుక్క డీజిల్ కూడా కారడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నాజిల్: కారడం లేదని లీకు లేదనుకోకండి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోంచి డీజిల్ లాగేది) దాకా ఉన్నది పీల్చే లైను. ఇంజన్ నడుస్తుంటే అక్కడి బెజ్జంలోంచి డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి ఆగాక లైనులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారుతుంది. పొద్దున స్టార్టింగ్ కష్టం అందుకే. ఇంజెక్షన్ పంపు ముందు ఒక అడుగు పారదర్శక హోస్ పెట్టండి, డీజిల్‌కు తట్టుకునేదై ఉండాలి. స్టార్ట్ చేయగానే కొన్ని బుడగలు సహజం. ఐదు నిమిషాల తర్వాత కూడా వరసగా వస్తుంటే ఎయిర్ లాగుతున్నట్టే. బుడగే లేకుండా పవర్ పడిపోతే అడ్డం వెతకాలి: ట్యాంకులో జాలీ, నలిగిన హోస్, మూసుకుపోయిన బ్రీదర్ (ట్యాంకులోకి గాలి వచ్చే దారి). బ్రీదర్ అయితే మూత తీయగానే 'స్స్' మంటుంది, ఆ తర్వాత కాసేపు బండి మామూలుగా నడుస్తుంది.

పాతగేరు: తర్వాత 5 లీటర్ల క్యాన్ పరీక్ష. ఫీడ్ పంపుకు వచ్చే లైను, రిటర్న్ లైను (మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్లేది) రెండూ డీజిల్ పోసిన క్యాన్‌లో పెట్టండి. క్యాన్ మాత్రం పంపు కంటే కిందే ఉండాలి. పైన పెడితే డీజిల్ తన బరువుతో దిగి లీకును దాచేస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. క్యాన్ మీద కూడా బుడగలు వస్తే ఫీడ్ పంపు దగ్గరి రాగి వాషర్లు, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) సీలు చూడండి. రాకపోతే తప్పు ట్యాంకు వైపే.

నాలుగుచక్రాలు: క్యాన్ మీద ఒక్క బుడగా లేదు.

నాజిల్: అయితే ట్యాంకు లోపల డీజిల్ పీల్చే పికప్ పైపు తీయండి. సగం ట్యాంకు దగ్గరే మొదలవుతోందంటే నా అనుమానమంతా దాని మీదే. తుప్పు బెజ్జం డీజిల్‌లో మునిగి ఉన్నంతసేపు డీజిల్‌నే పీలుస్తుంది, మట్టం దిగి తేలగానే గాలి పీలుస్తుంది. పైపును కడిగి, ఒక కొస వేలితో మూసి, నీళ్లలో ముంచి, రెండో కొసకు హోస్ తగిలించి మెల్లగా గాలి ఊదండి.

నాలుగుచక్రాలు: పై వంపుకు నాలుగు వేళ్ల కింద రెండు సూదిబెజ్జాలు. తుప్పు పొక్కు గీకితేనే కనబడ్డాయి. ఎమ్‌సీల్ పెట్టనా?

పాతగేరు: వద్దు, అన్నా. ఆ పక్కనే ఇంకో బెజ్జం సిద్ధంగా ఉంటుంది. అదే లావు, అదే పొడవు కొత్త పైపు బ్రేజింగ్ (ఇత్తడి అతుకు) చేయించండి, ఆ పని ట్యాంకుకు దూరంగా జరగాలి. కింది కొస ఏటవాలుగా కోస్తే ట్యాంకు అడుగుకు అంటుకుపోదు. బిగించాక ఎయిర్ తీయాలి: ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిఖార్సైన డీజిల్ వచ్చేదాకా ప్రైమర్ కొట్టండి, ప్రైమర్ నొక్కి ఉంచినప్పుడే స్క్రూ బిగించండి. సెల్ఫ్ ఒక్కో విడతకు 15 సెకన్లు దాటొద్దు. ఇంజెక్షన్ పంపుకు డీజిలే ఆయిల్, ఉత్తి గాలితో తిప్పితే లోపల అరిగిపోతుంది.