నాన్నకి చూపు తగ్గింది, తెలుగు పుస్తకాలు ఫోన్‌లో వినిపించడం ఎలా?

తెనాలి అమ్మాయి:
మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. డ్యూటీ బ్యాగులో ఎప్పుడూ ఒక డిటెక్టివ్ నవల ఉండేది, అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకున్నది. షుగర్ వల్ల రెండేళ్లుగా అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయట. భూతద్దం పెట్టుకుని పేపర్లో హెడ్డింగులు కూడబలుక్కుంటారు. కాసేపటికి మడిచి పక్కన పెట్టేస్తారు. చూడలేకపోతున్నాను.

రాత్రి అరగంట నేనే చదివి వినిపిస్తాను. పగలు ఆఫీసు. సరే ఫోన్ చదువుతుంది కదా అని ఒక నవల పీడీఎఫ్ కొన్నాను. అది తెలుగు వదిలేసి ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు చదివింది. పాత పుస్తకాల స్కాన్లు పెడితే అసలు నోరే విప్పలేదు. ఎందుకిలా? ఇంకో సంగతి, డిటెక్టివ్ నవలలు చాలు, వేరే ఏమైనా చూడమంటున్నారు. ఏం వినిపించమంటారు?

చరిత్ర మాస్టారు:
అమ్మా, నాకు పుట్టుకతో చూపు లేదు. జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మీ ఫోన్ తప్పేం లేదు. మన పుస్తకాలు చాలా వరకు 'అను' అనే పేరున్న ఫాంట్లలో కంపోజ్ చేస్తారు. కంటికి 'అమ్మ' అని కనబడినా లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు (ఏ ఫోనైనా తెలుగు అక్షరాలుగా గుర్తుపట్టే పద్ధతి) కాదు, వేరే గుర్తులు. ఫోన్ వాటినే చదువుతుంది. స్కాన్ అయితే వట్టి ఫొటో, అందులో చదవడానికి అక్షరమే ఉండదు. డబ్బు పెట్టి కొన్న పుస్తకం కూడా మాకు ఇలా మూగగా రావడం నాకు చాలా బాధ. ప్రచురణకర్తలు యూనికోడ్‌లో ఇస్తే చాలు, సగం కష్టం తీరుతుంది.

ప్రస్తుతానికి పేజీల ఫొటోలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. అక్షరాలుగా మారుతుంది. అక్కడక్కడా వత్తులు ఎగిరిపోతాయి, 'ప' 'వ' తారుమారవుతాయి. ఒకసారి దిద్దుకోండి. కాపీరైట్ అని టెన్షన్ వద్దు, చూపు లేనివాళ్ల సొంత వాడకానికి ఇలా మార్చుకోవచ్చని 2012లో చట్టాన్ని సవరించారు. వైకల్య ధ్రువపత్రం ఉంటే చూపు లేనివాళ్ల కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో కూడా చేర్పించండి.

పుస్తకాల పిన్ని:
మా అత్తగారికి మూడేళ్లు వినిపించాను కాబట్టి చెబుతున్నా. పెద్ద నవలతో మొదలుపెట్టకండి. పదిమంది పాత్రలుంటే ఎవరు ఎవరో వెనక్కి తిప్పి చూసుకునే వీలుండదు. కథలు, ఆత్మకథలు, యాత్రలు చెవికి బాగా పడతాయి. ఒకే మనిషి కూర్చుని చెబుతున్నట్టుంటుంది.

మీ నాన్నగారు రోడ్లు తెలిసిన మనిషి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారి యాత్ర వినిపించండి. వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీ‌లో టైపు చేసిన పుస్తకాలు యూనికోడే, ఫోన్ చక్కగా చదువుతుంది. భాష పాతది, మొదట్లో స్పీడు తగ్గించండి.

తెనాలి అమ్మాయి:
మాస్టారూ, పిన్నిగారూ, వారం అయింది. మొదటి రోజు 'ఈ గొంతేంటి' అని విసుక్కున్నారు. రెండో రోజు ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్నాళ్లు పట్టిందో వేళ్ల మీద లెక్కేస్తూ కూర్చున్నారు. ఇవాళ మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేస్తే, "ఉండమ్మా, ఇప్పుడే కృష్ణ దాటుతున్నారు" అని పెట్టేశారు.