అప్‌డేట్: ప్రొజెక్టర్ కొనేశాం, 1080పి నేటివ్‌దే

హాల్లో 100 అంగుళాల తెర, సోఫా పన్నెండు అడుగుల దూరం. ‘4కె సపోర్ట్’ అని రాసిన చవక మోడల్ తీసుకోవాలా, నేటివ్ 1080పి (అంటే బొమ్మని తయారుచేసే లోపలి ప్యానెల్‌లోనే 1920×1080 పిక్సెళ్లు ఉన్నది) తీసుకోవాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. రెండోదే తీసుకున్నాం.

‘సపోర్ట్’ అంటే 4కె సిగ్నల్ లోపలికి తీసుకుంటుందని మాత్రమే. తెర మీద పడేది లోపలి ప్యానెల్‌కి ఉన్నన్ని పిక్సెళ్లే. ఆ చవక మోడల్ స్పెసిఫికేషన్లలో కిందెక్కడో నేటివ్ 1280×720 అని ఉంది. అంటే సుమారు 9.2 లక్షల పిక్సెళ్లు. 1920×1080లో 20.7 లక్షలు. 100 అంగుళాల తెర వెడల్పు 221 సెంటీమీటర్లు కాబట్టి 720పిలో ఒక్కో పిక్సెల్ 1.7 మిల్లీమీటర్లు, 1080పిలో 1.15. షాపులో రెండూ పక్కపక్కనే వేయించి చూశాం. మొదటిదాంట్లో సబ్‌టైటిల్ అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా ఉన్నాయి. మాదాంట్లో దగ్గరికెళ్లి వెతికితే తప్ప గళ్లు కనబడవు.

కీస్టోన్ (వంకరగా పడిన బొమ్మని సరిచేసే సెట్టింగ్) గురించి అప్పుడు సలహా ఇచ్చినాయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. పక్క నుంచి వేసి బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తే కొన్ని పిక్సెళ్లు వృథా అవుతాయి, అక్షరాలు మసకబారతాయి. అందుకే సీలింగ్‌కి తెర మధ్యకి ఎదురుగా బిగించాం. మా ఆవిడకి ఫ్యాన్ చప్పుడే నచ్చలేదు, అది వేరే సంగతి.

పగలు మాత్రం కర్టెన్లు మూయాల్సిందే. వెలుతురు పడితే ఏ రిజల్యూషనైనా వెలిసిపోయినట్టే కనబడుతుంది.