అప్‌డేట్: మా బస్తీ గోడ మీద బొమ్మ పూర్తయింది

బస్తీ గోడ మీద ఏం వేయాలో ఆర్టిస్టులకే వదిలేయాలా అని ఇంతకుముందు ఒక పోస్టులో మిమ్మల్ని అడిగాను. 2016లో స్టార్ట్ ఇండియా (St+art India, వీధి గోడల మీద బొమ్మలు వేయించే సంస్థ) వాళ్లు బొమ్మలు వేసిన హైదరాబాద్ ఎం.ఎస్. మక్తా బస్తీ చూసి రమ్మన్న సలహా బాగా పనికొచ్చింది. మా ఆర్టిస్టులు తెచ్చిన నెమలి డిజైన్‌కి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "ఇక్కడ నెమలి ఎప్పుడు తిరిగింది బాబూ? బోరింగు దగ్గర బిందెల లైను వేయండి" అంది ఇస్త్రీ బండి అత్త. అదే వేశారు. ఆర్టిస్టులు సుద్దముక్కతో గీసిస్తే మేం రంగులు నింపాం. మూడో స్టీలు బిందె తనదేనని, సొట్ట కూడా వేయాల్సిందేనని ఒకామె పట్టుబట్టింది. వేయించుకుంది కూడా! కింద చెమ్మకి పెచ్చులూడుతున్న చోట మాత్రం గీకి వదిలేశాం, ఎండాకాలంలో ఆరాక ప్రైమర్ కొడతాం. గోడ ఓనర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోమన్నవాళ్లకి స్పెషల్ థాంక్స్, టెన్షన్ తప్పింది.