చిప్స్ కవర్లతో చిన్నపిల్లల చేత ఏమి చేయించవచ్చు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి పిల్లలకు సాయంత్రాలు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను. బడిలో ఒడియా చదివే ఐదారేళ్ల వాళ్లు, 12 మంది. మహేంద్రతనయ నది ఒడ్డున చెత్త చూసి మనసు ఊరుకోక, దాని గురించీ చెప్పడం మొదలుపెట్టాను.

తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా అన్నది ఇట్టే పట్టేశారు. నీళ్ల సీసా అడుగున ప్లాస్టిక్ రకాన్ని తెలిపేలా త్రికోణంలో ఉండే 1 అంకెను వేలితో తడిమి వెతకడం వాళ్లకు పెద్ద ఆట. పశువుల కొమ్ముతో బొమ్మలు చెక్కే మా ఊరి కళను చూపిస్తే కళ్లింతలు చేసుకున్నారు.

చిక్కంతా చిప్స్ కవర్లతోనే. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు విడదీయరాకుండా అతుక్కుని ఉంటాయి కనుక పాత సామాన్ల వాళ్లు ముట్టుకోరు. జిగురూ మెరుపులూ అద్ది బొమ్మలు చేయిస్తే నాలుగు రోజుల్లో అవీ చెత్తలోకే. అది నాకు ఇష్టం లేదు. కత్తెర ఇంకా సరిగా పట్టలేని చేతులతో, రోజూ వాడుకునే వస్తువు ఏదైనా చేయించిన వారున్నారా? చాపలా అల్లించాలంటే పట్టీ ఎంత వెడల్పు ఉండాలి?

నిన్న ఒక పాప, "అసలు కొనకపోతే సరిపోతుంది కదా అత్తా?" అంది. ఆ మాటను తల్లిదండ్రులు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో కూడా దయచేసి చెప్పండి.