మారిషస్‌లో బ్వా షెరీ టీ తోట, అక్కడి తిండి: ఒక రోజు సరిపోతుందా?

కాకినాడ_ప్రయాణం:
ఆగస్టులో మారిషస్ వెళ్తున్నామండీ. ఒక రోజు టీ తోటకీ, అక్కడి తిండికీ కేటాయించాలని ఉంది. ఏది ముందు, ఏది తర్వాత? ఇంకోటి, ధోల్ పూరీ (శనగపప్పు పొడి కూరి చేసే అక్కడి పల్చటి రొట్టె) ఇంట్లో చేస్తే చిరిగిపోతోంది. ఎందుకు?

తేయాకు:
పని దినాన పొద్దున్నే బ్వా షెరీకి వెళ్లండి. ఆగస్టు అక్కడ చలికాలం, చిగురు తక్కువ వస్తుంది, ఫ్యాక్టరీ రోజూ నడవకపోవచ్చు. ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. యంత్రాలు ఆగి ఉంటే ఫ్యాక్టరీలో చూసేది పెద్దగా ఉండదు. ఎత్తు ప్రాంతం, తుంపర పడుతూనే ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోవద్దు.

లోపల ఆకు వాడ్చి, నలిపి, గాలికి వదిలే చోట కాసేపు ఆగండి. పచ్చ పొడి కళ్లముందే రాగి రంగుకి తిరుగుతుంది. రుచి తేలేది అక్కడే. వేడి డ్రయ్యర్‌లోకి పంపడం ఆలస్యమైతే టీలో చురుకు పోతుంది. తర్వాత చెరువు పక్కన రకరకాల టీలు రుచి చూడొచ్చు. వెనీలా టీ కొంటే మన చాయ్‌లా మరిగించకండి, వాసనంతా ఆవిరితో పోతుంది. మరిగిన నీళ్లు పోసి నాలుగు నిమిషాలు మూత పెట్టి, పాలు ఆ తర్వాత కలపండి.

మధ్యాహ్నం సెయింట్ ఆబిన్. 1819 నాటి చక్కెర తోట బంగళా, పక్కనే వెనీలా. ఆ పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుంది, చేత్తోనే పరాగం అంటించాలి. ఆ పద్ధతి 1841లో పక్క దీవి రీయూనియన్‌లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస బాలుడు కనిపెట్టాడు. వెనీలా పరిశ్రమ ఆ పిల్లాడికి ఎంతో రుణపడి ఉంది.

పప్పు_పూర్ణం:
చిరగడానికి కారణం పప్పులో తడి. పావుకిలో శనగపప్పు రెండు గంటలు నానబెట్టి, చిటికెడు పసుపుతో ఉడికించండి. వేళ్లతో నొక్కితే నలగాలి, ముద్ద కాకూడదు. కుక్కర్ వద్దు. వార్చి, గుడ్డ మీద బాగా ఆరాకే పొడి చేసి, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు కలపండి. వార్చిన నీళ్లు పారబోయకండి. అరకిలో మైదాని గోరువెచ్చటి ఆ నీళ్లతో, రెండు చెంచాల నూనెతో మెత్తగా కలిపి అరగంట ఉంచండి. పిండి గట్టిగా ఉన్నా చిరుగుతుంది. మన బొబ్బట్టులాగే కూరి, పల్చగా వత్తి, పెనం మీద మచ్చలు పడకుండా కాల్చాలి.

వీధిలో రెండేసి ఇస్తారు, మధ్యలో పెద్ద చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్ (టమాటాతో చేసే అక్కడి చిక్కటి కూర), కొత్తిమీర చట్నీ. పచ్చిమిరప పేస్టు మాత్రం కొంచెమే వేయమనండి.

అరిటాకు:
మీది కాకినాడ అంటున్నారు కాబట్టి చెబుతున్నా. అక్కడి తెలుగువాళ్ల పూర్వీకుల్లో చాలామంది మీ పక్కనున్న కోరంగి రేవులోనే ఓడెక్కారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. తమిళుల, తెలుగువాళ్ల పెళ్లిళ్లలో అరిటాకులో వడ్డించే ఏడు కూరల భోజనం వీధి బళ్ల మీద దొరకదు. గుమ్మడి, అరటికాయ, పనస, చివర్లో రసం. తెలిసినవాళ్లుంటే సిగ్గుపడకుండా అడిగి మరీ తినండి.