డ్రై నీడిలింగ్: మెడ నొప్పికి సూదులు వేయించుకోవాలా, మానాలా?

గద్వాల మగ్గం:
ఇరవై ఏండ్లుగా గుంట మగ్గం మీద కూర్చుని గద్వాల చీరలు నేస్తున్నాను. వీపు మీద కుడి రెక్క ఎముక లోపలి అంచున బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలేది. దాన్ని నొక్కితే నొప్పి మెడ మీదుగా చెవి వెనక దాకా పాకేది. పాలమూరులో ఒక ఫిజియోథెరపిస్టు గారు ఆ గడ్డలోకి మందు లేని సన్నని సూదిని దించగానే (దీన్నే డ్రై నీడిలింగ్ అంటారట) కండరం చేపలాగా ఒక్కసారి ఎగిరింది. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. ఐదో రోజుకు నొప్పి మళ్ళీ వచ్చింది. విడతకు ఐదు వందల చొప్పున ఇంకో ఆరు విడతలు అవసరమంటున్నారు. ఏం చేయమంటారు?

మర్రిగూడ మాస్టారు:
మానేయమంటాను. ఇది ఆక్యుపంక్చరుకే పెట్టిన కొత్త పేరు. మా నాన్నగారి నడుముకు ఒక క్లినిక్‌లో మూడు వారాలు సూదులు వేశారు; చివరికి ఎక్స్‌రే తీయిస్తే వెన్నెముక చుట్టూ ఉన్న స్నాయువులు ఫ్లోరైడ్ వల్ల గట్టిపడి ఎముకలా మారాయని తేలింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్ళను ఏళ్ళ తరబడి తాగిన ప్రాంతం మాది. అయినా సూది పట్టేముందు ఏ ఊరు, ఏ బోరు నీళ్ళు అని ఒక్కరూ అడగలేదు.

నల్లగొండ ఫిజియో:
మాస్టారు గారూ, అక్కడ పొరపాటు సూదిది కాదు, పరీక్ష చేయకుండా సూది పట్టినవారిది. సూది ఒకటే అయినా, ఆక్యుపంక్చరు శక్తి మార్గాలను వెతుకుతుంది, మేము చేతికి తగిలే కండరపు ముడిని వెతుకుతాము. 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్, ఇంజెక్షన్‌లోని మందు కన్నా సూది గుచ్చడమే చాలామందికి ఉపశమనం ఇచ్చిందని రాశారు. 1983లో అమెరికన్ వైద్యులు ట్రావెల్, సైమన్స్ ట్రిగ్గర్ పాయింట్ల మీద, అంటే ఈ కండరపు ముడుల మీద, పెద్ద గ్రంథమే తెచ్చారు. అయితే ఆ ముడి అసలు ఏమిటన్నది ఇప్పటికీ వివాదమే. గుచ్చారో లేదో రోగికి తెలియకుండా పరీక్షించడం కష్టం కాబట్టి అధ్యయనాల బలం కూడా అంతంతే. కొన్ని వారాల ఉపశమనానికి ఆధారాలున్నాయి, ఆపైన కాలానికి చాలా తక్కువ. అందుకే నొప్పి తగ్గిన ఆ నాలుగు రోజుల్లో వ్యాయామం మొదలుపెట్టించని సూదికి నేను డబ్బు తీసుకోను.

మర్రిగూడ మాస్టారు:
మీరు తీసుకోరు, సంతోషం. రెండు రోజుల శిక్షణ పత్రాన్ని గోడకు తగిలించుకున్నవారి మాటేమిటి? 2021లో ఫిజియోథెరపీతో సహా అనుబంధ వైద్య వృత్తులకు కేంద్రం చట్టం తెచ్చినా, చేతిలో సూది ఉన్నవారికి ఆ పనిలో ఎంత శిక్షణ ఉందో రోగికి తెలిసే దారి ఏది?

నల్లగొండ ఫిజియో:
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పైగా రెక్క ఎముక దగ్గర సూది ఒక వేలి మందం లోతుకు పోయినా ఊపిరితిత్తికి తగిలి, ఛాతీలో గాలి చేరే ప్రమాదం ఉంది. అరుదే, కానీ జరిగింది. గద్వాల అన్నగారూ, సూది తర్వాత దమ్ము ఆడకపోయినా, ఛాతీలో పొడిచినట్టున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఇంతకీ నేసేటప్పుడు మీ కుడి భుజం చెవి వైపు లేస్తుందా?

గద్వాల మగ్గం:
లేస్తుంది, నా భార్య చూసి చెప్పింది. కూర్చునే పలక కిందికి దిగిపోయి చాలా కాలమైంది. దాని కింద రెండు వేళ్ళ ఎత్తు చెక్క పెట్టాను. ఊపిరితిత్తి సంగతి ఆ సారు నాకు చెప్పనేలేదు. సోమవారం వెళ్ళి ముందు అదే అడుగుతాను, సూది సంగతి తర్వాత.