హనుమకొండ జిల్లాలో ప్రభుత్వ బడులను పోల్చి చూడటం ఎలా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ జూన్‌లో ఆరో తరగతిలో చేరుతుంది. కాజీపేటలో మా ఇంటికి దగ్గరగా ఉన్న రెండు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఏది మేలో తేల్చుకోలేకపోతున్నాను.

పదో తరగతి ఉత్తీర్ణత శాతం ఒక్కటే చూస్తే, పన్నెండు మంది పరీక్ష రాసిన బడికీ నూట ఇరవై మంది రాసిన బడికీ తేడా తెలియదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు 35 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. కానీ నేను స్వయంగా వెళ్లి చూసిన బడిలో లెక్కల సారు పోస్టు ఖాళీగా ఉంది, ప్రయోగశాలలో విరిగిన బెంచీలు పేర్చి తాళం వేశారు. బడుల వివరాలుండే కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైటు యూడైస్ ప్లస్‌లో గదులు, మరుగుదొడ్లు, ఉపాధ్యాయుల సంఖ్య చూడగలిగాను గానీ, ఇలాంటి సంగతులు అంకెల్లో కనిపించవు.

సబ్జెక్టువారీ ఖాళీల వివరాలను మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగితే ఇస్తారా, లేక సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలా? ఉపాధ్యాయులు, అనుభవమున్న తల్లిదండ్రులు దయచేసి తెలుపగలరు.